17 ఏళ్ళు చేసిన కంపెనీ మూసేస్తోంది, పీఎఫ్ తీసి సొంత లేత్ పెట్టుకోనా? ముందు ఆ రిజైన్ లెటర్ సంగతి చూద్దాం అన్నా

కొండపల్లి ఐడీఏ (పారిశ్రామిక వాడ)లో పనిచేసే ఒక అన్న రాశారు. వయసు 44, ఐటీఐ టర్నర్, ఒకే కంపెనీలో 17 ఏళ్ళ 8 నెలలు, మొదట మామూలు లేత్ (లోహాన్ని తిప్పి కోసే మిషన్) మీద, తర్వాత సీఎన్సీ (కంప్యూటర్ తో నడిచే మిషన్) మీద. జీతం 20,500, అందులో బేసిక్ డీఏ కలిపి 14,300, ఓటీ కలిస్తే చేతికి 27 వేల దాకా వచ్చేది. మొత్తం 40 మంది ఉంటారు, యూనిట్ మూసేస్తున్నాం అని ఉన్నట్టుండి చెప్పారంట. శుక్రవారం లోపు రిజైన్ లెటర్ రాసిస్తే లక్ష రూపాయలు ఇస్తాం, పీఎఫ్ కూడా వెంటనే క్లియర్ చేయిస్తాం అంటున్నారంట. పీఎఫ్ లో 6 లక్షల 40 వేలు ఉంది. గొల్లపూడిలో ఇల్లు, దాని ఈఎంఐ 9,800. తెలిసినాయన దగ్గర లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. వదిన గారి పేరు మీద చీటీ నడుస్తోంది, నెలకి 5 వేలు, ఇంకా పాడలేదు. అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఆయన అడిగింది ఏంటంటే, పీఎఫ్ మొత్తం తీసి సొంతంగా లేత్ పెట్టుకోనా లేక ఇంటి లోన్ తీర్చేయనా అని. చివర్లో ఇంట్లో ఇంకా చెప్పలేదు అని కూడా రాశారు.

అన్నా, మీరు అడిగిన రెండిట్లో ఏదీ ఇప్పుడొద్దు. మీరు మామూలుగా ఒక లైన్లో రాసేసిన ఆ రిజైన్ లెటర్ ఉంది చూశారా, నాకు దాని గురించే భయంగా ఉంది, ఎందుకంటే మీ మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మీరు మానేయట్లేదు, కంపెనీ మూసేస్తోంది, చట్టం ముందు ఈ రెండూ ఒకటి కాదు. యజమాని తీసేసినా, యూనిట్ మూసేసినా ఒక నెల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి, దాంతో పాటు పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం నష్టపరిహారంగా ఇవ్వాలి. నష్టాలొచ్చాయి, ఆర్డర్లు లేవు అంటే ఈ బాధ్యత పోదు. గ్రాట్యుటీ (ఇన్నేళ్ళు పనిచేసినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు) వేరే, అది మీరు రిజైన్ చేసినా వస్తుంది, 5 ఏళ్ళు దాటితే చాలు, కానీ ఈ పరిహారం మాత్రం మీ అంతట మీరే మానేస్తున్నాను అని రాసిచ్చారంటే పోయినట్టే. వాళ్ళు ఆ కాగితం అంత తొందరగా అడగడానికి కారణం అదే.

ఇప్పుడు మీ అంకెలు వేద్దాం. గ్రాట్యుటీకి బేసిక్ డీఏని 26 తో భాగించి 15 తో గుణించాలి, 14,300 కి అది 8,250 వస్తుంది ఒక ఏడాదికి. మీ కంపెనీ వాళ్ళు 17 ఏళ్ళు అని లెక్క కడతారు చూడండి, ఒప్పుకోవద్దు, ఆరు నెలలు దాటిన ముక్క ఏడాది కిందే లెక్క కాబట్టి మీకు 18. అంటే 1,48,500. పరిహారం ఏడాదికి సగం నెల జీతం అని తక్కువలో తక్కువ వేసుకున్నా 10,250 చొప్పున 18 ఏళ్ళకి 1,84,500. నోటీసు జీతం 20,500. మొత్తం 3 లక్షల 53 వేల 500. వాళ్ళు లక్ష ఇస్తామంటున్నది దీని బదులుగా. ఇక పీఎఫ్ క్లియర్ చేయిస్తాం అనే మాట, అది మీ డబ్బు, మీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) లో ఉంది, వాళ్ళు దయతలచి ఇచ్చేదేం లేదు అందులో.

దీని కంటే ఎక్కువ మంది వదిలేసుకునేది ఇంకోటుంది, ఈఎస్ఐ. మీ జీతం 21 వేల లోపు కాబట్టి మీకు ఈఎస్ఐ ఉంది (ఓటీతో 27 వేలు వచ్చినా పర్లేదు, ఆ 21 వేల పరిమితి చూసేటప్పుడు ఓటీ కలపరు). మనవాళ్ళకి ఈఎస్ఐ అంటే గుణదల ఆసుపత్రి, మందుల చీటీ, అంతే తెలుసు. కానీ ఫ్యాక్టరీ మూతపడో, రిట్రెంచ్మెంట్ (కంపెనీయే మనుషుల్ని తగ్గించడం) అయ్యో పని పోతే రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన కింద నిరుద్యోగ భత్యం ఇస్తారు, 2005 నుంచి ఉంది ఇది. రెండేళ్ళు కంట్రిబ్యూషన్ కట్టి ఉంటే మొదటి 12 నెలలు జీతంలో సగం, తర్వాత 12 నెలలు పావు వంతు, ఆ భత్యం వచ్చినన్నాళ్ళు మీకూ ఇంట్లో వాళ్ళకీ వైద్యం కూడా ఉంటుంది. మీకు నెలకి దాదాపు 10 వేలు అన్నమాట. కొత్త ఉద్యోగం దొరికిన రోజు నుంచి ఆగిపోతుంది, దొరికితే దాచకుండా చెప్పాలి. ఇది కూడా తనంతట తాను రిజైన్ చేసిన వాళ్ళకి రాదు. ఒక్క సంతకంతో ఎన్ని పోతాయో చూడండి.

కాబట్టి శుక్రవారం వాళ్ళు పిలిస్తే గొడవ పడొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, యూనిట్ మూసేస్తున్నందువల్ల నన్ను తీసేస్తున్నట్టు మీరే లెటర్ ఇవ్వండి సార్, నేను రిజైన్ అని రాయలేను అని చెప్పి రండి. ఖాళీ బాండ్ పేపర్ మీద, ఫుల్ అండ్ ఫైనల్ అని రాసి అంకె వెయ్యని కాగితం మీద సంతకం పెట్టొద్దు. మిగతా 39 మందిదీ ఇదే పరిస్థితి కదా, పదిమంది కలిసి అడిగితే మాట వేరేగా ఉంటుంది. ఒప్పుకోకపోతే కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వచ్చు. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి, లేటయితే వడ్డీతో ఇవ్వాలి. ఈ మూడున్నర లక్షల మీద మీకు ఇన్కమ్ టాక్స్ కూడా పడదు.

ఆఫీసు తాళం పడకముందే ఇంకో రెండు పనులు చేయించుకోండి. పీఎఫ్ లో మీ పేరు ఎలా ఉందో ఆధార్ లో అలాగే ఉందా చూసుకోండి, మనకి వచ్చే పెద్ద తలనొప్పి ఇదే, ఆధార్ లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్ లో ఒక్క అక్షరమే ఉంటుంది, పుట్టిన తేదీలో ఏడాది తేడా ఉంటుంది, కంపెనీ ఉండగా అయితే వాళ్ళ ద్వారా జాయింట్ డిక్లరేషన్ తో సరిచేయించుకోవచ్చు, మూసేశాక సంతకం పెట్టే మనిషి కోసం తిరగాల్సి వస్తుంది. పీఎఫ్ లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ ఎక్కించమనండి, పని పోయిన కారణం రాసే ఏ కాగితంలోనైనా రిజిగ్నేషన్ అని కాకుండా క్లోజర్ అనో రిట్రెంచ్మెంట్ అనో రాయమనండి. రెండోది ఎక్స్పీరియన్స్ సర్టిఫికెట్. లేత్ ఆపరేటర్ గా పనిచేశారు, ప్రవర్తన బాగుంది అని ఒక లైన్ రాసి ఇస్తారు, అది తీసుకోకండి. సెంటర్ లేత్ మీద ఎన్నేళ్ళు, సీఎన్సీ మీద ఎన్నేళ్ళు, ఏ కంపెనీ కంట్రోల్, ఫానుకా ఇంకోటా, సెట్టింగ్ మీరే చేసేవారా, ప్రోగ్రామ్ లో మార్పులు మీరే చేసేవారా, డ్రాయింగ్ చూసి మైక్రోమీటర్ తో చెక్ చేసి పాస్ చేసేవారా, ఇవన్నీ పేరు పేరునా రాయించుకోండి. కొత్తగా ఐటీఐ అయిన పిల్లాడికీ మీకూ తేడా అక్కడే ఉంది, అది కాగితం మీద కనపడాలి.

ఇక ఇంటి ఖర్చు. ఈఎంఐ 9,800, చీటీ 5,000, చేబదులు వడ్డీ 3,000, ఇంట్లోకి 12,000 అని రాశారు, 29,800 అవుతోంది. ఇంటి లోన్ తీర్చేద్దామా అన్నారు కదా, మీరు తీర్చాల్సింది ఆ లక్షన్నర. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24, ఇంటి లోన్ వడ్డీ అందులో సగం కూడా ఉండదు. పైగా ఇంటి లోన్ లో డబ్బు పోశాక రేపు అవసరానికి వెనక్కి అడిగితే బ్యాంకు అంత తేలిగ్గా ఇవ్వదు. కంపెనీ డబ్బు రాగానే మొదట ఆ లక్షన్నర కట్టేసి ప్రోనోటు వెనక్కి తెచ్చుకోండి. అప్పుడు నెల ఖర్చు 26,800, ఈఎస్ఐ నుంచి 10 వేలు వస్తే తగ్గేది 16,800. చేతిలో మిగిలేది 2,03,500. అంటే పీఎఫ్ లో రూపాయి ముట్టకుండా ఒక ఏడాది ఇల్లు నడుస్తుంది అన్నా. మీరు నాకు రాసిన దాంట్లో రెండు నెలలకే అంతా ఐపోతుందన్నంత భయం కనపడింది, నిజానికి మీ దగ్గర ఏడాది టైముంది, తీసుకోవాల్సినవి సరిగ్గా తీసుకుంటే.

ఆ డబ్బు రావడం ఆలస్యమైతే మధ్యలో రెండు మూడు నెలలకి వదిన గారి బంగారం కొంచెం బ్యాంకులో పెట్టండి, నూటికి రూపాయి లోపే పడుతుంది వడ్డీ. బయట ఫైనాన్స్ వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, 2015 లో కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) గొడవ బయటపడినప్పుడు బెజవాడలో ఎన్ని కుటుంబాలు ఎలా నలిగిపోయాయో మీకూ తెలుసు. బ్యాంకు మేనేజర్ ని కూడా ఈఎంఐ తప్పకముందే కలవండి, టెన్యూర్ పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి, 90 రోజులు దాటి బకాయి పడితే లోన్ ఎన్పీఏ (మొండి బాకీ) అయిపోతుంది, తర్వాత వాళ్ళు కూడా ఏం చెయ్యలేరు. చీటీ కట్టడం ఆపొద్దు, ఇప్పుడే పాడొద్దు కూడా. చివరికొచ్చే కొద్దీ పాటలో పోయేది తగ్గుతుంది, అది మీకు వెనక ఉన్న ధైర్యం.

బంగారం వదిన గారిది, చీటీ ఆవిడ పేరు మీద. ఆవిడకి తెలియకుండా ఇందులో ఏ పనీ జరగదు, కాబట్టి ఈ రోజే చెప్పండి. మీ కంగారు చెప్పడం కాదు, కాగితం మీద ఈ లెక్క వేసి చూపించండి. అమ్మాయికి కూడా తెలిస్తే తప్పులేదు, కాలేజీ ఫీజు ఒకేసారి కాకుండా విడతలుగా కడతామని ఇప్పుడే అడగచ్చు.

పీఎఫ్ సంగతి. పని పోతే 75 శాతం దాకా ముందే తీసుకోవచ్చు, అందుకే మీకు మొత్తం తీసేద్దాం అనిపిస్తోంది. 8.25 శాతం వడ్డీ ఇలాగే ఉందనుకుంటే ఆ 6 లక్షల 40 వేలు మీకు 58 వచ్చేసరికి 19 లక్షలు దాటుతుంది, కొత్తగా ఏమీ కట్టకపోయినా. పెన్షన్ సర్వీసు పదేళ్ళు దాటింది కాబట్టి ఆ భాగం ఎలాగూ ఒకేసారి ఇవ్వరు, 58 నుంచి పెన్షన్ వస్తుంది, ఇప్పటి లెక్కన 14,300 ని 18 తో గుణించి 70 తో భాగిస్తే నెలకి 3,677. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలీదు, సర్వీసు 20 ఏళ్ళు నిండి 58 కి పెన్షన్ తీసుకుంటే ఇంకో రెండేళ్ళు కలిపి లెక్కేస్తారు, అంటే 22 ఏళ్ళ లెక్క, పెన్షన్ దాదాపు 4,500. మీకు తక్కువైంది రెండేళ్ళ చిల్లర. అందుకే తర్వాతి ఉద్యోగం చూసేటప్పుడు ఒకాయన పీఎఫ్ లేకుండా 25 వేలు చేతికిస్తానన్నా, ఇంకొకాయన పీఎఫ్ ఈఎస్ఐ కట్టి 22 ఇస్తానన్నా నేనైతే రెండోదే తీసుకోమంటాను. పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తెరవనివ్వొద్దు. పీఎఫ్ తో పాటు ఉండే 7 లక్షల దాకా ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగం పోగానే పోతుంది, ఈ మధ్య గ్యాప్ కి బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి పాలసీ వెంటనే తీసుకోండి, 2 లక్షలు, మీ వయసుకి ఇస్తారు.

ఎక్కడ వెతకాలంటే ఆటోనగర్, కానూరు ఎలాగూ మీకు తెలిసినవే, సూరంపల్లి కూడా చూడండి, మల్లవల్లిలో అశోక్ లేలాండ్ ప్లాంట్ 2025 లో మొదలైంది, అక్కడా దానికి పని చేసే చిన్న యూనిట్లలోనూ అడగండి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ మెయింటెనెన్స్ కాంట్రాక్టర్లకి, గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లుల వర్క్ షాపులకి చెయ్యి తిరిగిన టర్నర్ అవసరం ఉంటుంది. ఇన్నేళ్ళు మీ కంపెనీకి మెటీరియల్ వేసినవాళ్ళు, టూల్స్ అమ్మినవాళ్ళు ఉంటారుగా, ఎక్కడ మిషన్ ఖాళీగా ఉందో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

సొంత లేత్ ఆలోచన తప్పని నేననను, మీ చేతిలో పనుంది, నాకు నమ్మకం ఉంది. కానీ లేత్ ధర ఒక్కటే మీరు రాశారు. షెడ్డు అడ్వాన్స్, త్రీ ఫేజ్ కనెక్షన్, చక్, టూల్ బిట్లు, ఒక హెల్పర్, అన్నిటికంటే ముఖ్యం పార్టీలు అరువు పెట్టి రెండు నెలలకి ఇచ్చే డబ్బు, అంతవరకు ఇల్లు నడవాలి. మీరు ఇన్నాళ్ళు పని చేశారు, పని తేవడం ఇంకొకళ్ళు చూశారు. అది మీకు వస్తుందో లేదో పీఎఫ్ పెట్టి తెలుసుకోకండి. ఉద్యోగంలో చేరాక ఆటోనగర్ లో తెలిసిన మేస్త్రీ దగ్గర సాయంత్రాలు, ఆదివారాలు గంటకింత అని మిషన్ అద్దెకి తీసుకుని మీ పేరు మీద జాబ్ వర్క్ చెయ్యండి, చిన్న యూనిట్లకి ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితమే, చేయించుకోండి, డబ్బులు ఫోన్ పే లోనో బ్యాంకులోనో వేయించుకోండి, ఎవరు ఏ పని ఇచ్చారు, ఎంతకి, ఎన్ని రోజులకి డబ్బిచ్చారు అన్నీ ఒక పుస్తకంలో రాయండి. ఒక ఏడాది ఆ పుస్తకంలో పని తగ్గకుండా ఉంటే ముద్ర లోన్లలో కిశోర్ రకం కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా అడగచ్చు, బ్యాంకు చూసేది కూడా ఆ స్టేట్మెంటే. అప్పుడు షెడ్డు ఎక్కడ, అద్దె ఎంత, నెలకి ఎన్ని గంటలు మిషన్ తిరిగితే గిట్టుబాటు అవుతుంది అనేది ఆ అంకెలు పెట్టుకుని నాకు రాయండి, కలిసి లెక్క వేద్దాం.