చేతిలో లేని కెమెరాతో మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?

ప్రశ్న: మాది హనుమకొండ. మా పిలగాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బ్లెండర్ అనే 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్‌ల వేయి స్తంభాల గుడి చేసిండు. రాత్రి పదకొండు దాటినా ‘కెమెరా సెట్ చేస్తున్న’ అంటడు. చేతిల కెమెరానే లేదు! నాల్రోజులైనా సరిగ్గ వస్తలేదట. కోపమొచ్చి లాప్‌టాప్ బీరువాల పెట్టిన. బీటెక్ సీఎస్‌ఈ మంచిదా, యానిమేషన్ కోర్సా?

జవాబు: ముందు లాప్‌టాప్ బయటికి తీయండి. రోజుకు గంటన్నర అని హద్దు పెట్టండి, పరీక్షలు దగ్గరపడితే ఆదివారాలకే పరిమితం చేయండి. అంతేగానీ బీరువాకు తాళం వేస్తే చదువు రాదు, మీకూ వాడికీ మధ్య మాటలు ఆగిపోతాయి.

మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీ భయం మాత్రం పిల్లాడు టైం పాడు చేసుకుంటున్నాడని. పాడు చేసుకోవట్లేదు. ఆ నాలుగు రోజులు ఎక్కడ పోయి ఉంటాయో చెప్తాను.

వాడు సెట్ చేస్తున్నది సాఫ్ట్‌వేర్ లోపలి ఊహా కెమెరాను. బ్లెండర్‌లో ఆ కెమెరా మామూలుగా 50 ఎంఎం లెన్స్, 36 ఎంఎం సెన్సార్‌తో (బొమ్మ పడే పలక వెడల్పు) వస్తుంది. దానికి కనిపించేది సుమారు 40 డిగ్రీల మేరే. గుడి మొత్తం పట్టకపోతే పిల్లలు లెన్స్‌ను 18కి దించేస్తారు. గుడి పడుతుంది కానీ ముందున్న స్తంభాలు అంచుల్లో సాగిపోతాయి, వెనకవి చిక్కిపోతాయి. లెన్స్ 35 దగ్గర ఉంచి కెమెరానే వెనక్కి జరపాలి.

రెండో చిక్కు కొలతలది. గుడిని మీటరు ఎత్తున కట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఫోకస్‌లో లేనివి మసకబారడం) పెట్టి, ఆ మసకను నడిపే ఎఫ్-స్టాప్ అంకెను (అంకె పెరిగితే మసక తగ్గుతుంది) 2.8 దగ్గరే వదిలేస్తే గుడి బొమ్మలకొలువులో బొమ్మలా కనిపిస్తుంది. మసక ఎంతుండాలో సాఫ్ట్‌వేర్ నిజమైన దూరాల మీద లెక్కగడుతుంది మరి. గుడిని అసలు కొలతకు పెంచి, కంట్రోల్-ఎ నొక్కి స్కేల్ అప్లై చేసి (ఆ కొత్త కొలతను ఖాయం చేసి), కెమెరాను అదే నిష్పత్తిలో వెనక్కి జరిపి, ఫోకస్ నంది మీద పెట్టి, ఎఫ్-స్టాప్ 8 చేస్తే దారికొస్తుంది.

ఇక కదలిక. సెకనుకు 24 ఫ్రేములైతే పది సెకన్ల షాట్‌కు 240. ప్రతి పది ఫ్రేములకూ కీఫ్రేమ్ (కెమెరా అప్పుడు ఎక్కడుండాలో చెప్పే గుర్తు) పెడితే కెమెరా కుదుపులతో నడుస్తుంది. మొదట ఒకటి, చివర ఒకటి పెట్టి, నంది దగ్గర ఒక ఎంప్టీ (బొమ్మలో కనిపించని గురుతు) ఉంచి, కెమెరా ఎప్పుడూ దానివైపే చూసేలా ట్రాక్ టు తగిలిస్తే సాఫీగా సాగుతుంది.

ఇదంతా ఆటలా కనిపిస్తోందా? 36ని లెన్స్‌కు రెట్టింపుతో భాగించి, టాన్ ఇన్వర్స్ తీసి, రెండుతో గుణిస్తే కెమెరా చూసే కోణం వస్తుంది. 18 ఎంఎంకు సరిగ్గా 90 డిగ్రీలు. మీరు ఫీజు కట్టి చెప్పిస్తున్న త్రికోణమితే అది.

నా అనుమానమల్లా ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డులు పెట్టే డిప్లొమాల మీద. బ్లెండర్ ఉచితం. బటన్లు నేర్పడానికి లక్షలు కట్టకండి. చేరేముందు పాత బ్యాచ్ షోరీళ్లు (విద్యార్థులు తమ పని చూపించే చిన్న వీడియోలు) అడిగి చూడండి. అందరి రీళ్లలో అదే కారు, అదే గిరగిరా తిరిగే కెమెరా ఉంటే అక్కడ నేర్పుతున్నది కాపీ కొట్టడమే. డబ్బు పెట్టాల్సింది డ్రాయింగ్‌కు, షాట్ కూర్పుకు, తప్పు ఎత్తిచూపే గురువుకు. ఇంకో మాట: స్టూడియో పని చాలాచోట్ల ప్రాజెక్టు ఉన్నంతవరకే, గడువు ముంచుకొస్తే రాత్రుళ్లు కూర్చోవాలి. మాట రాసిస్తే వీడియో చేసే ఏఐ టూల్స్ వచ్చాక, బటన్లు మాత్రమే తెలిసినవాళ్ల పని పలచబడుతోంది. షాట్ ఎందుకలా ఉండాలో చెప్పగలిగినవాడికే చోటు.

పోలిక క్లుప్తంగా చెప్తాను. రోజూ బొమ్మలు గీసే అలవాటుంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్ చూడండి. గీయడం కన్నా లెక్కలూ కోడూ లాగుతుంటే సీఎస్‌ఈ మంచిది. బ్లెండర్ స్క్రిప్టులు రాసేది పైథాన్‌లోనే. బీటెక్ తర్వాత కూడా సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ బాంబేలో యానిమేషన్‌లో ఎండిజైన్ (డిజైన్ పీజీ) చేయొచ్చు. ఇప్పుడు సీఎస్‌ఈ ఎంచుకున్నా యానిమేషన్ తలుపు మూసుకుపోదు, కంగారు పడకండి.

ఈ ఆదివారం వాడి పక్కన కూర్చొని, లెన్స్ 18 పెడితే ఏమవుతుందో, 85 పెడితే ఏమవుతుందో చూపించమనండి. ఎందుకలా అవుతుందో అడగండి. మధ్యలో మార్కుల మాట ఎత్తకండి.