పెళ్లి సంగతి తర్వాత, ముందు ఆ గ్లాసు నీళ్ల సంగతి

"మా బాబుకు ఏడేళ్లు. పుట్టగానే ఏడవలేదు. పదిహేను రోజులు ఐసీయూలో ఉంచారు. తర్వాత సెరిబ్రల్ పాల్సీ అన్నారు. నడవలేడు, ఆసరా లేకుండా కూర్చోలేడు. మాటలు రావు గానీ అన్నీ అర్థమవుతాయి. పదకొండేళ్ల పాప కూడా ఉంది. ఇంకో ఆరు వారాల్లో మా మరిది పెళ్లి. బాబును తీసుకురావద్దని అత్తగారు పట్టుబట్టారు. ఆడపెళ్లివారు చూస్తే మా వంశంలోనే ఏదో ఉందనుకుంటారట. రెండు రోజులు మా పుట్టింట్లో వదిలిపెట్టి రమ్మంటున్నారు. మా వారు మంచివారే, ఫర్నిచర్ షాపు నడుపుతారు. బాబు పనులు మాత్రం ఆయనకు చేతకావు. మూడేళ్ల కిందట ఒకసారి నీళ్లు తాగిస్తే పొలమారి వాడి ముఖం నీలంగా అయిపోయింది. అప్పట్నుంచి అన్నీ నేనే చూసుకుంటున్నాను. నేను లేనప్పుడు పాప తినిపిస్తుంది. అత్తగారితో గొడవ లేకుండా బాబును పెళ్లికి తీసుకెళ్లే దారి చెప్పండి."
- ఓ సోదరి, తెనాలి

తీసుకెళ్లండి. పెళ్లికొడుకు సొంత అన్న కొడుకు ఆ పెళ్లిలో ఉండాలా అన్నది చర్చించాల్సిన విషయమే కాదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది వంశంలో నడిచేది కాదమ్మా, పుట్టిన వేళ మెదడుకు తగిలిన దెబ్బ. ఆసుపత్రి కాగితాలు తీసి చూపిస్తే అత్తగారి అనుమానం అక్కడితో తీరాలి. ఆడపెళ్లివారికి కూడా ఆ సంగతి పందిట్లో తెలియకూడదు, ఇప్పుడే తెలియాలి. వాళ్లతో మాట్లాడాల్సింది, మీ అత్తగారితో మాట్లాడాల్సింది మీ వారు. అదే మాట కోడలు అంటే గొడవ, కొడుకు అంటే నిర్ణయం. ఇది న్యాయమని నేననను. మన ఇళ్లు ఇలాగే నడుస్తున్నాయి.

కానీ ఆయన మాట్లాడరు. ఎందుకు మాట్లాడరో మీ ఉత్తరంలోనే ఉంది. నాలుగు పేజీల్లో మూడు పేజీల పైన అత్తగారి గురించే రాశారు (పైన ఇచ్చింది దాని సారాంశం). మీ వారికి దక్కినవి ఐదారు వాక్యాలు. ఆ ఐదారు వాక్యాలే నేను మళ్లీ మళ్లీ చదివాను.

ఆ గ్లాసు నీళ్ల రోజు మీ ఇంట్లో ఇంకా గడవలేదు. బిడ్డ తన చేతుల్లోనే నీలంగా మారడం ఆయన చూశారు. మీరు గ్లాసు లాక్కుని "జరగండి, మీకెందుకు" అని ఉంటారు. ఆ క్షణంలో ఏ తల్లైనా అదే అంటుంది, దానికి మిమ్మల్ని తప్పు పట్టను. తప్పంతా తర్వాతి మూడేళ్లలో ఉంది. ఆయన తన భయానికి "చేతకాదు" అని పేరు పెట్టుకుని షాపులో కూర్చున్నారు. మీరేమో "మంచివారే" అంటూ దాన్ని కప్పిపెట్టి, మొత్తం నెత్తిన వేసుకున్నారు. కన్నతండ్రే ముట్టుకోవడానికి జంకే పిల్లాణ్ని నాయనమ్మ నలుగురికీ కనపడనివ్వొద్దంటే ఆశ్చర్యమేముంది? ఆవిడ చూసి నేర్చుకున్నది తన కొడుకు దగ్గరే.

ఇంకో మాట, కోప్పడకండి. నేను లేకపోతే వీడికి ముద్ద దిగదన్న మాటలో బాధతో పాటు కాస్త గర్వం కూడా ఉందని నా అనుమానం. రేపు మీకు జ్వరమొచ్చి మంచమెక్కితే ఆ గర్వం వాడికి అన్నం పెట్టదు.

సరే, అసలు ఆ రోజు ఎందుకు పొలమారిందో ఎవరైనా ఆయనకు చెప్పారా? నీళ్లు పలచన. నోట్లో పడగానే జారిపోతాయి. మింగే కండరాలు నెమ్మదిగా పనిచేసే పిల్లల్లో ఊపిరిగొట్టం మూత పడేలోపే నీళ్లు అటు దిగిపోతాయి. దానికి తోడు గ్లాసు ఖాళీ అయ్యేకొద్దీ మనం పిల్లల తల వెనక్కి వంచుతాం. తల వెనక్కి పోతే ఆ దారి ఇంకా తెరుచుకుంటుంది. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని తాగిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. అలా ఎవరు తాగించినా పొలమారేది, మీరు తాగించినా సరే. ఈ ముక్క మీ నోటితో మీరే ఆయనకు చెప్పండి. అన్నిటికంటే ముందు ఇది జరగాలి.

తర్వాత ఒక మెత్తటి ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి, ఒక పక్క అంచును ముక్కు పట్టేంత వెడల్పున అర్ధచంద్రాకారంలో కోయమనండి. కోసిన అంచు గీసుకోకుండా ఉప్పుకాగితంతో రుద్దాలి. కొయ్యని అంచు పెదవి దగ్గర, కోసిన వైపు ముక్కు దగ్గర పెట్టి తాగిస్తే తల ఎత్తే పనే లేదు. గడ్డం కాస్త గుండె వైపు వంగి ఉండగానే గ్లాసు ఖాళీ అవుతుంది. మొదట్లో నీళ్లు, పలచటి మజ్జిగ, చారు ఆయనకు అప్పజెప్పకండి. కాస్త చిక్కగా కాచిన రాగిజావతో మొదలుపెట్టమనండి. చిక్కటిది నెమ్మదిగా కదులుతుంది, మింగడానికి వాడికి వ్యవధి దొరుకుతుంది. తినేటప్పుడు తరచూ దగ్గు, కళ్లవెంట నీళ్లు, తిన్నాక గొంతులో గరగర, మాటిమాటికీ న్యుమోనియా ఉంటే మాత్రం ఇంటి చిట్కాలతో ఆగొద్దు. స్పీచ్ థెరపిస్టు వాడి మింగుడు పరీక్షించి ఎంత చిక్కదనం ఉండాలో చెప్పాలి.

కుర్చీ సంగతి. ఏడేళ్ల పిల్లాడు ఇంకా మీ ఒళ్లోనే తింటున్నాడంటే, ఫర్నిచర్ షాపున్న ఇంట్లో అది నాకు మింగుడు పడలేదు. టేపు మీ వారి చేతికివ్వండి. వాణ్ని కొలవాలంటే ఎలాగూ ముట్టుకోవాలి. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులోంచి రెండు వేళ్ల వెడల్పు తీసేస్తే సీటు లోతు. అంతకంటే లోతుగా చేస్తే వాడు ముందుకు జారతాడు, నడుము కూలబడుతుంది, తల వెనక్కి వాలుతుంది, మళ్లీ పొలమారుడే. మోకాలి మడత నుంచి మడమ దాకా ఎంతుంటే సీటుకూ పాదాల పలకకూ మధ్య అంత ఎత్తు. కాళ్లకు స్ప్లింట్లు (పాదాన్ని సరిగ్గా పట్టి ఉంచే గట్టి కట్లు) వేసుకుంటే అవి ఉండగానే కొలవాలి. పాదాలు గాల్లో వేలాడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది. పాదం ఆనితే నోరు కూడా కుదురుకుంటుందంటే నమ్మరు గానీ, చేసి చూడండి. మోకాళ్ల మధ్య మెత్త చుట్టిన చిన్న దిమ్మ పెట్టాలి. అది కాళ్లు కత్తెరలా పడకుండా ఉండటానికే, కాబట్టి గజ్జల దాకా తోయకూడదు. జారకుండా ఆపే పని బెల్టుది. బెల్టు పొట్ట మీద బిగిస్తే ఊపిరి ఆడదు. తొడా నడుమూ కలిసే మడత మీదుగా వెనక్కీ కిందికీ లాగినట్టు రావాలి. ముందు ట్రే వాడి మోచేతుల ఎత్తులో ఉండాలి. పిల్లాడు పెరుగుతాడు కాబట్టి పాదాల పలకకు అంగుళానికో రంధ్రం వేసి, బోల్టుతో కిందికి దింపుకునేలా చెయ్యమనండి. ఇవన్నీ ఆయనకు మీకంటే బాగా అర్థమవుతాయి. చెక్కలు కోయించే ముందు ఆ కొలతలు ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపిస్తే చాలు. వీపు వంకర, తుంటి బిగుతు ఉంటే ఆయన మార్పులు చెప్తారు.

తినిపించేవాళ్లు నిలబడకూడదు. ఎదురుగా, వాడి కళ్ల ఎత్తుకో ఇంకాస్త కిందికో కూర్చోవాలి. మనం నిలబడితే వాడు తల ఎత్తుతాడు. స్టీలు చెంచా మానేయండి. పళ్లకు తగలగానే నోరు గట్టిగా పట్టేస్తే స్టీలుతో పళ్లు విరుగుతాయి. లోతు తక్కువ ఉన్న గట్టి ప్లాస్టిక్ చెంచాలో సగమే పప్పన్నం తీసుకుని, ఎదురుగా కింది నుంచి తెచ్చి, నాలుక మీద కాస్త నొక్కి ఆగాలి. పెదవులు మూసుకున్నాక నేరుగా బయటికి తియ్యాలి. పై పళ్లకు గీకి వదలడం మనందరి అలవాటు, అలా చేస్తే తల వెనక్కి పోతుంది. చెంచా పట్టేస్తే లాగకండి, వాడు వదిలేదాకా ఆగండి. అరగంట దాటితే అలసిపోతాడు, అలసిన పిల్లాడికే పొలమారుతుంది. మిగిలింది ఇంకో పూట పెట్టొచ్చు. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

అయినా పొలమారితే? మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం మనకు అలవాటు. వీడి దగ్గర అది పనికిరాదు. దగ్గుతున్నంతసేపు ముందుకు వంచి దగ్గనివ్వాలి, నీళ్లు పొయ్యకూడదు. దగ్గు, శబ్దం రెండూ ఆగిపోతే ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఇవి మార్చి మార్చి చేస్తుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఇది మీరిద్దరూ ఒక థెరపిస్టు దగ్గరో నర్సు దగ్గరో కళ్లారా చూసి నేర్చుకోండి. ఏం చెయ్యాలో తెలిసిన మనిషికి భయం సగమవుతుంది.

ఎత్తుకోవడం కూడా ఆయనకు నేర్పండి. చంకల కింద చేతులు పెట్టి ఒక్కసారిగా లేపితే వాడి కాళ్లు కర్రల్లా బిగుస్తాయి. "నాకు రాదు" అని ఆయన మళ్లీ వెనక్కి తగ్గేది అక్కడే. ముందు పక్కకు తిప్పాలి. మోకాళ్లు పొట్ట వైపు మడవాలి. ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఇంకోటి భుజాల వెనక పెట్టి, తల ముందుకు ఉండేలా చూసుకుని, మన మోకాళ్లు వంచి లేవాలి. నడుము వంచి ఎత్తితే వాడు పెరిగేకొద్దీ మీ ఇద్దరి వెన్నూ పోతుంది.

ఇక పని పంపకం. రాత్రి భోజనం పూర్తిగా ఆయనది. "కాస్త సాయం చెయ్యండి" అని అడగకండి. ఆయన కొడుకు అన్నం సాయం ఎలా అవుతుంది? మొదటి నాలుగు రోజులు పక్కన కూర్చోండి. ఐదో రోజు నుంచి ఆ అరగంట మీరు ఇంట్లో ఉండొద్దు. గుడికి వెళ్తారో, పక్కింటికి వెళ్తారో మీ ఇష్టం. వంటింట్లోంచి "అలా కాదండీ" అన్న ఒక్క కేక చాలు, ఆయన్ని మళ్లీ షాపుకు పంపడానికి. అన్నం చొక్కా నిండా పడుతుంది, పడనివ్వండి. మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున బాబును ఆయనే తీసుకెళ్లాలి. మీరు వెంట వెళ్తే డాక్టర్లూ టీచర్లూ మీతోనే మాట్లాడతారు, ఆయన ఆటో డ్రైవర్ లెక్కన బయట నిలబడతారు.

పాప గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. తమ్ముడికి కథ చదివితే చదవనివ్వండి, ఆడుకుంటే ఆడుకోనివ్వండి. ముద్ద పెట్టే బాధ్యత మాత్రం ఈ రోజుతో తీసెయ్యండి. పొలమారితే ఆ పసిదాని మీద ఎంత భారం పడుతుందో నలభై ఏళ్ల మీ వారిని చూస్తే తెలియడం లేదూ?

బడి గురించి చివర్లో చిన్న అక్షరాల్లో రాశారు, "ప్రైవేటు స్కూల్లో చేర్చుకోలేదు" అని. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడైనా వైకల్యం ఉందన్న కారణంతో కాదనకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. కాదన్నది రాతపూర్వకంగా ఇమ్మనండి, అదే కాగితంతో మండల విద్యాశాఖాధికారిని కలవండి. నా వరకు మీ వీధి చివరి ప్రభుత్వ బడే మేలు. భవిత టీచర్లు పనిచేసేది ఆ వ్యవస్థలోనే. కింది అంతస్తు తరగతి గది, మీ వారు చేసిన కుర్చీ, అవుననడానికీ కాదనడానికీ రెండు బొమ్మల కార్డులు ఉంటే వాడు మొదలుపెట్టగలడు. సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ పత్రం) ఉందన్నారు, 6,000 పెన్షన్ వస్తోందన్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకూ దరఖాస్తు చెయ్యండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో ఉన్నాయి.

ఇప్పుడు పెళ్లి. కల్యాణమండపంలో కింది గది ఒకటి అడిగి పెట్టుకోండి. కుర్చీ ముందే చేర్చండి. ముహూర్తం రాత్రిపూట అంటున్నారు కాబట్టి మధ్యాహ్నం నిద్రపుచ్చి, ముహూర్తానికి గంటన్నర ముందే తినిపించేయాలి. విందు వరుసలో, ఆ హడావిడిలో పెట్టొద్దు. డోలుకూ స్పీకర్లకూ దూరంగా, ఎదురుగా పెళ్లిపీటలు కనిపించే చోట కుర్చీ వెయ్యండి. ఎవరు ఏ గంట వాడి దగ్గరుంటారో ముందే అనుకోండి, అందులో పాప పేరు ఉండకూడదు.

అక్షింతలు వాడి చేత్తోనే వేయించాలి. దానికి ఇప్పట్నుంచే సాధన కావాలి, అది కూడా నాన్నతోనే. పిడికిలి బిగిసి ఉంటే వేళ్లు పట్టుకుని విప్పకండి, ఇంకా బిగుస్తుంది. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే వదులవుతాయి. బొటనవేలిని కొస దగ్గర కాకుండా మొదట్లో పట్టి బయటికి తియ్యాలి. అరచేతిలో నాలుగు గింజలు పెట్టి, మణికట్టు కింద తన చెయ్యి ఆన్చి పైకి లేపాలి. వదలాల్సినప్పుడు మళ్లీ మణికట్టు వంచితే సరి. రోజూ పూజ దగ్గర రెండుసార్లు చేస్తే నెలరోజుల్లో ఇద్దరికీ చెయ్యి కుదురుతుంది.

గట్టిమేళం ఒక్కసారిగా మోగితే వాడు ఉలిక్కిపడి బిగుసుకుంటాడు. అది భయమనుకుని గదిలోకి ఎత్తుకుపోకండి. శబ్దానికి ఆ ఒళ్లు స్పందించే తీరే అంత. ఫోన్లో సన్నాయి, డోలు చిన్న శబ్దంతో మొదలుపెట్టి రోజూ కాస్త పెంచుతూ వినిపిస్తే ఎంతో కొంత అలవాటవుతుంది. ఆ రోజు మేళం మోగగానే చెయ్యి తెరిపించాలని చూడొద్దు, ఒళ్లు సడలేదాకా మీ వారిని ఆగమనండి. అందరివీ పడ్డాక వీడివి పడతాయి. అక్షింతల్లో నెయ్యి ఎక్కువైతే అరచేతికి అంటుకుపోతాయి, వాడి ట్రేలో పెట్టేవి మాత్రం పొడిగా కలపండి.