మణికట్టు కొలిచాకే వాచీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్మార్ట్‌వాచీల గురించే. ఏ కంపెనీది కొనాలి, ఎంత పెట్టాలి అని అడిగినవాళ్లకు వచ్చే సంచికలో జవాబిస్తాను. ఈసారి సైజు గురించి అడిగిన ఉత్తరాలనే తీసుకున్నాను. హనుమకొండ చౌరస్తా దగ్గర మా దుకాణానికి "గుండె లెక్క తప్పు చూపిస్తోంది" అంటూ వాచీ పట్టుకొచ్చేవాళ్లను ముందు దాన్ని చేతికి పెట్టుకుని చూపించమంటాను. చాలాసార్లు లోపం అక్కడే కనబడుతుంది. వాచీ బాగానే ఉంటుంది, ఆ చేతికి మాత్రం పెద్దది.

నేను ఉపాధ్యాయురాలిని. నా మణికట్టు చుట్టుకొలత 14.5 సెంటీమీటర్లు. మా వారు 2.01 అంగుళాల తెర ఉన్న వాచీ తెప్పించారు. రెండు పక్కలా చేతి బయటకు వస్తోంది. బోర్డు మీద రాస్తుంటే జారుతోంది. గుండె వేగం ఒకసారి 78 అంటుంది, కాసేపటికే 130 అంటుంది. బెల్టుకు ఇంకో రంధ్రం పెట్టిస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, పరకాల

సరిపోదమ్మా. రంధ్రం పెడితే బెల్టు బిగుస్తుంది కానీ వాచీ అడుగుభాగం చిన్నదైపోదు కదా. మీ చేయి పైభాగం కన్నా వాచీ పొడవు ఎక్కువైనప్పుడు బెల్టు రెండు కొసలూ చేతిని తాకకుండా నిటారుగా దిగుతాయి. అక్కడ సందు మిగులుతుంది. ఎంత బిగించినా ఆ సందు పోదు, చర్మం మీద అచ్చు మాత్రం పడుతుంది.

ఆ సందు వల్లే మీ అంకెలు గంతులు వేస్తున్నాయి. వాచీని వెనక్కి తిప్పి చూడండి, ఆకుపచ్చ వెలుగు మినుకుమంటుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని రక్తం కొంచెం పెరిగి తగ్గుతుంది, దానితోపాటే తిరిగి వచ్చే వెలుగూ మారుతుంది. ఆ మార్పుల్ని లెక్కపెట్టి వాచీ మీ గుండె వేగం చెబుతుంది. అడుగుభాగం చర్మానికి ఆనకపోతే బయటి వెలుతురు లోపలికి వస్తుంది, చేయి కదిలినప్పుడల్లా ఆ సందు పెరిగి తగ్గుతుంది. మీరు బోర్డు మీద రాస్తున్నప్పటి చేతి ఊపునే అది గుండె లయ అనుకునే అవకాశం ఉంది. ఆ 130 చూసి కంగారు పడకండి. తరగతి అయ్యాక కూర్చుని, రెండు వేళ్లు నాడి మీద పెట్టి, గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టుకోండి. అలా చూసినా వేగం ఎక్కువగానే ఉంటే అప్పుడు డాక్టరుకు చూపించాలి.

ఇక కొలత. చుట్టుకొలత తీసుకున్నారు, మంచిదే, బెల్టు పొడవుకు అది కావాలి. వాచీ సైజుకు కావలసింది చేతి వెడల్పు. అరచేయి కిందికి పెట్టి చేతిని నోటుబుక్కు మీద ఆనించండి. మణికట్టుకు రెండు పక్కలా రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టి ఆనేలా జరపండి. చేయి తీసేసి ఆ రెంటి మధ్య దూరాన్ని స్కేలుతో చూడండి. 14.5 చుట్టుకొలత ఉన్న చేతికి అది దాదాపు 50 మిల్లీమీటర్లు వస్తుంది. అయితే చేతి అంచులు గుండ్రంగా కిందికి దిగుతాయి కనుక అందులో ఐదు మిల్లీమీటర్లయినా తీసేయాలి. అంటే పైకొసనుంచి కిందికొసకు 45 దాటిన వాచీ మీ చేతి మీద కుదురుగా కూర్చోదు. ఇక్కడ కొస అంటే బెల్టు పిన్ను తగిలించే చోటు అని అర్థం, గాజు అంచు కాదు. 40 నుంచి 42 మిల్లీమీటర్ల వాచీలు చూడండి.

పెట్టె మీద ఉన్న 2.01 అంగుళాలు తెర కొలత మాత్రమే. అది మూలనుంచి మూలకు 51 మిల్లీమీటర్లు. దాని చుట్టూ కేసు ఎంత ఉందో, బెల్టు ఎక్కడ మొదలవుతుందో ఆ అంకె చెప్పదు. వివరాల పేజీలో కేసు నిలువు, అడ్డం, మందం వేరుగా ఇచ్చారేమో వెతకండి. ఇవ్వకపోతే నేనైతే ఆ వాచీ కొనను. ఇచ్చి ఉంటే ఆ కొలతకు ఒక అట్టముక్క కత్తిరించి, రబ్బరు బ్యాండుతో చేతికి కట్టుకుని, నేల మీద చేయి ఆనించి లేచి చూడండి, గోడ మీద సుద్దముక్కతో రాసి చూడండి. ముంజేయి వెనక్కి వంగినప్పుడు అట్ట అంచు గుచ్చుకుంటే, పక్క బటన్ ఉన్న వాచీ అంతకన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

మీ దగ్గర ఉన్న వాచీని తిరిగి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే మీ వారికి పెట్టి చూడండి, ఆయన చేతికి సరిపోవచ్చు.

మా నాన్నగారు రైల్వేలో పనిచేసి విరమించారు. రోజూ ఉదయం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తారు. కళ్లద్దాలు లేకుండా కనబడాలని పెద్ద వాచీ కావాలంటున్నారు. చేయి సన్నం. ఆయనకు షుగర్ కూడా ఉంది, సూది లేకుండా షుగర్ చూపించే వాచీ ఒకటి ప్రకటనలో చూశాం. – కాజీపేట

రెండో విషయం ముందు చెబుతాను, అది ఎక్కువ ముఖ్యం. ఆ వాచీ కొనకండి. చర్మానికి గుచ్చకుండా తమంతట తాము చక్కెర కొలుస్తామని చెప్పుకునే వాచీలను, ఉంగరాలను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. తప్పు అంకె చూసి మాత్రో ఇన్సులినో ఎక్కువ తక్కువలు చేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నాన్నగారికి వేలిచుక్కతో చూసే యంత్రమే ఉండనివ్వండి.

ఇక సైజు. కళ్ల కోసం పెద్దది అడగడం న్యాయమే. కానీ అక్షరం పెద్దగా కనబడాలంటే వాచీయే పెద్దదవ్వాలని లేదు. సెట్టింగులలో అక్షరాల సైజు పెంచుకోవచ్చు, సమయం ఒక్కటే పెద్ద అంకెలతో చూపించే ముఖచిత్రం (వాచ్ ఫేస్) పెట్టుకోవచ్చు. గుండ్రటి తెర అంచుల్లో అక్షరాలకు చోటు పోతుంది, సందేశాలు చదవడానికి నలుచదరం తెర హాయి. కొలతల్లో తేడా కూడా గమనించండి. ఆపిల్ వాచీకి చెప్పే 45 మిల్లీమీటర్లు దాని నిలువు, అడ్డం 38 మాత్రమే. గుండ్రటి వాచీకి 45 అంటే అన్ని వైపులా అంతే, పైగా బెల్టు తగిలించే కొసలు అదనం. అందుకే అంకె ఒకటే అయినా గుండ్రటిది సన్నటి చేతి మీద పెద్దగా కనబడుతుంది.

బరువు కూడా చూడాలి. పెద్దవాళ్ల చర్మం వదులుగా ఉంటుంది, బరువైన వాచీ నడకలో అటూ ఇటూ ఊగుతుంది. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 6లో 40 మిల్లీమీటర్లది బెల్టు లేకుండా 28.7 గ్రాములు, 44ది 33.3 గ్రాములు. మరోపక్క చిన్నదాంట్లో బ్యాటరీ 300 ఎంఏహెచ్, పెద్దదాంట్లో 425. రోజూ చార్జింగ్ పెట్టడం నాన్నగారికి ఇబ్బంది అనిపిస్తే పెద్దదానికి అదొక బలమైన కారణం. ఆయన చేతి వెడల్పు కొలవండి. 55 మిల్లీమీటర్లు వస్తే 44 నిశ్చింతగా తీసుకోండి.

కట్ట మీద నడిచేటప్పుడు వాచీని మణికట్టు ఎముక నుంచి ఒక వేలి వెడల్పు మోచేతి వైపు జరిపి బిగించమనండి. ఇంటికి వచ్చాక ఒక రంధ్రం వదులు చేసుకోవచ్చు.

కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. పిల్లలు వాచీ కొనిచ్చారు. మగ్గం దిగకుండానే వేల అడుగులు నడిచినట్టు చూపిస్తోంది. పెద్ద సైజు తీసుకుంటే సరిగా చూపిస్తుందా?

పెద్దది తీసుకున్నా అంతేనండి. అడుగులు లెక్కపెట్టేది కాళ్లు చూసి కాదు, చేతి ఊపు చూసి. పోగును దగ్గరకు కొట్టే చేయి ఒకే లయలో ముందుకూ వెనక్కూ ఆడుతుంది కనుక అది నడకలా కనబడుతుంది. రెండు చేతుల్లో తక్కువగా కదిలే చేతికి మార్చి, ఏ చేతికి పెట్టారో సెట్టింగులో కూడా మార్చండి. లెక్క కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. మగ్గం మీద ఉన్నంతసేపు తీసి పక్కన పెట్టడమే నా సలహా, దారం బకిలుకు చిక్కుకునే బాధ కూడా తప్పుతుంది. సాయంత్రం నడకకు పెట్టుకుంటే అప్పటి లెక్క నిజమైనది. అంత శ్రమ పడే చేతికి అడుగుల లెక్క తక్కువైనా దిగులు పడవలసిన పని లేదు.

ఇంజనీరింగ్ చదువుతున్నాను. మణికట్టు 16 సెంటీమీటర్లు. ఆపిల్ వాచ్ అల్ట్రా 49 మిల్లీమీటర్లది పెట్టుకోవచ్చా? అన్నయ్య పాత 42 మిల్లీమీటర్ల వాచీ బెల్టులు నా దగ్గర ఉన్నాయి. – హనుమకొండ

పెట్టుకోవచ్చు, కానీ 49 నిలువు మీ చేతి చదును భాగం మొత్తాన్ని ఆక్రమిస్తుంది. 60 గ్రాములు దాటిన బరువు రాత్రి నిద్రలో తెలుస్తుంది. ఎవరిదైనా అరువు తీసుకుని ఒక రాత్రి పెట్టుకుని పడుకుని చూడండి, తరువాత నిర్ణయించుకోండి. బెల్టుల విషయంలో జాగ్రత్త. 2015 నుంచి వచ్చిన పాత 42 పెద్ద జట్టులోది, దాని బెల్టులు 44, 45, 46, 49లకు సరిపోతాయి. 2024లో వచ్చిన సిరీస్ 10లోని 42 మాత్రం చిన్న జట్టు, దానికి 38, 40, 41 బెల్టులు పడతాయి. అన్నయ్యగారిది ఏ సంవత్సరానిదో చూసుకోండి.

నాకు మాఘమాసంలో పెళ్లి. రెండు చేతులకూ గాజులుంటాయి. వాచీ గాజుల ముందు పెట్టాలా, వెనకా? మా అమ్మమ్మకు కూడా ఒకటి కొనాలి, ఆమె ఎడమచేతి మణికట్టు మీద పచ్చబొట్టు ఉంది. – నర్సంపేట

శుభాకాంక్షలమ్మా. గాజుల వెనక, అంటే మోచేతి వైపు పెట్టండి. అక్కడ చేయి కొంచెం లావుగా ఉంటుంది కనుక బెల్టు పొడవు కొలత కూడా అక్కడే తీసుకోండి. మట్టిగాజు అంచు తెర మీద గీత పెడుతుంది, పైన ప్లాస్టిక్ కవరు వేయించండి. మందం 11 మిల్లీమీటర్లు దాటిన వాచీ గాజులకు అడ్డు తగులుతూనే ఉంటుంది, పలుచటిది వెతకండి. గాజులు కదిలినప్పుడల్లా వాచీ కూడా కదలకుండా, రంధ్రాల బెల్టు బదులు ఎంత కావాలంటే అంత బిగించుకునే అల్లిక బెల్టు తీసుకుంటే మేలు.

అమ్మమ్మగారికి కుడిచేతికి పెట్టండి. పచ్చబొట్టు రంగు ఆ ఆకుపచ్చ వెలుగును అడ్డుకుంటుంది, గుండె లెక్క రాకపోవచ్చు. కుడిచేతికీ పచ్చబొట్టు ఉంటే అడుగుల లెక్క, సమయం చూపే తక్కువ ధర వాచీ చాలు, గుండె లెక్క కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. కొనే ముందు ఆమెను వెంట తీసుకుని దుకాణానికి వెళ్లండి. వాచీని చేతికి పెట్టించి, రెండు నిమిషాలు కూర్చోబెట్టి, అంకె వస్తుందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.