చింది ఇరుక్కున్న రైఫిల్ గురించి పెద్దనాన్న ఉత్తరం

హనుమకొండ

చిరంజీవి చిట్టితల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. రాత్రి మీ నాన్న ఫోను చేసి నీ శిక్షణ కబుర్లన్నీ చెప్పాడు. పరుగులో అందరికంటే ముందున్నావట, చాలా సంతోషం. ఫైరింగ్ అయ్యాక రైఫిల్ శుభ్రం చేస్తుంటే చింది, అదే తాడుకు చుట్టే గుడ్డ పేలిక, బారెల్‌లో ఇరుక్కుపోయిందనీ, తోటివాళ్ల ముందు ఉస్తాద్ కేకలేశాడనీ, ఆ పూట నువ్వు అన్నం ముట్టలేదనీ కూడా చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, పనిచేసిన మనిషి ఇంట్లో ఉండి కూడా నీకు పుల్‌త్రూ, అదే బారెల్ శుభ్రం చేసే తాడు, పట్టుకోవడం నేర్పకుండా పంపాడే అని నా మీద నాకే కోపం వచ్చింది. అందుకే తెల్లవారుజామునే కూర్చుని ఇది రాస్తున్నాను.

చింది ఇరుక్కోని చెయ్యి ఎక్కడా ఉండదు. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో నాకూ ఇరుక్కుంది, .303 రైఫిల్లో. ఒక్కసారి లాగితే బారెల్ అద్దంలా కావాలన్న తొందరలో రెండు పేలికలు కలిపి చుట్టాను. సగం దూరం వచ్చి ఆగిపోయింది. తాడును చేతికి నాలుగు చుట్లు చుట్టుకుని, రైఫిల్‌ను కాలితో తొక్కిపట్టి గుంజాను. తాడు తెగి చేతిలోకి వచ్చింది, పేలిక లోపలే ఉండిపోయింది. భయపడి పాత గొడుగు ఊచ ఒకటి వెతికి తెచ్చి పొడవబోతుంటే మా హవల్దారు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన తిట్టలేదు. బారెల్‌లో రెండువైపుల నుంచీ నూనె పోసి నాననిచ్చాడు. తర్వాత బోరుకు, అంటే బారెల్ లోపలి రంధ్రానికి, సరిపడే ఇత్తడి కడ్డీతో నిదానంగా నెట్టి పేలికను బయటికి తీశాడు. ఇనుప ఊచ లోపలికి వెళ్లి ఉంటే బారెల్ లోపలి మెలి గాడుల అంచుల మీద గీతలు పడేవని, ఆ గీతలు మళ్లీ పూడవని అప్పుడు చెప్పాడు. అది నాకు జీవితాంతం గుర్తుండిపోయింది. ఆర్మరర్ పని నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది కూడా ఆ రోజే.

కాబట్టి ఇంకోసారి ఇరుక్కుంటే వెంటనే చెయ్యి ఆపు. నూనె వెయ్యి, కాసేపు ఆగు. తోటి అమ్మాయిని రైఫిల్ గట్టిగా పట్టుకోమని, నువ్వు తాడును బారెల్‌కు తిన్నగా, కుదుపు లేకుండా లాగి చూడు. కదలకపోతే ఆర్మరర్ దగ్గరికి తీసుకుపో. పాతకాలపు .303 పుల్‌త్రూ తాడుకు మూడు వలయాలు ఉండేవి. తాడు ఒక కొసన బరువు కోసం ఇత్తడి గుండు ఉంటుంది, దానికి దగ్గరి వలయం తీగజాలీకి. నడిమిది చిందికి. అన్నిటికంటే చివరిది, లోపల చిక్కుకున్నదాన్ని వెనక్కి లాగడానికి ఆర్మరర్ కోసం పెట్టినది. అంటే ఈ తాడును తయారుచేసినవాళ్లకే అది ఏదో ఒక రోజు ఇరుక్కుంటుందని తెలుసు తల్లీ. నువ్వు అన్నం మానేయాల్సినంత నేరం ఇందులో లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను నీకు పెద్దనాన్నగా ఆజ్ఞ వేస్తున్నాను. లోపల పేలిక ఉండగా తూటా పేల్చి దాన్ని బయటికి పంపుదామని ఎవరు సలహా ఇచ్చినా, ఎంత సీనియర్ ఇచ్చినా, వినకు. పేలిక మెత్తగానే ఉంటుంది, కానీ తూటా వేగానికి అది అడ్డుగోడ అవుతుంది. బారెల్ ఉబ్బుతుంది, లేదంటే పగులుతుంది. ఉబ్బిన బారెల్‌లోకి వెలుతురు పెట్టి చూస్తే నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపిస్తుంది. అలాంటివి నా చేతుల మీదుగా వెళ్లాయి. ఉబ్బినదానికి మరమ్మతు లేదు, బారెల్ మార్చాల్సిందే.

ఇక మొదటినుంచీ చెబుతాను. తాడు చేతికి తీసుకోకముందే మ్యాగజైన్ తీసెయ్యి, కాకింగ్ హ్యాండిల్ వెనక్కి లాగి పట్టు, చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే అరలోకి, కళ్లతో చూడు, చిటికెన వేలు పెట్టి తడుము. చీకట్లో కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు. ‘ఖాలీ కర్’ (ఖాళీ చెయ్యి) అని ఉస్తాద్ చేయించాక కూడా నీ వేలితో నువ్వే మళ్లీ చూసుకో. నీ ముందు ఎవరు చూశారన్నది లెక్కలోకి రాదు. శుభ్రం చేసే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. మూతి ఎప్పుడూ మనుషులు లేని వైపే ఉండాలి.

తర్వాత గుడ్డ. అందరూ చులకనగా చూసేది దీన్నే. మీ తాత ఆజంజాహి మిల్లులో నేతపని చేసేవాడు, నువ్వు ఆయన్ను చూడలేదు. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి అందులో గంజి ఎంతుందో చెప్పేవాడు. కొత్త గుడ్డ నీటినీ నూనెనూ పీల్చదనీ, నాలుగు ఉతుకులు పడితేనే నూలు నోరు తెరుస్తుందనీ ఆయన అనేవాడు. ఆర్మరర్ అయ్యాక ఆ మాట నాకు రోజూ పనికొచ్చింది. చిందికి బాగా ఉతికి ఆరేసిన నూలు గుడ్డ కావాలి. పాత పంచె, పాత దుప్పటి, ఫ్లానెల్ ఏదైనా సరే. టెర్లిన్, పాలిస్టర్ కలిసిన గుడ్డ వద్దు. అది మసిని పీల్చకుండా గాడుల్లోకి తోసేస్తుంది, అంతే. శుభ్రం చేయడానికి నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. నూనె పూయడానికి అదే పొడవు, వెడల్పు ఒకటిన్నర అంగుళం. ఈ కొలతలు .303కీ, మీకు ఇచ్చిన 7.62 మిల్లీమీటర్ల ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌కూ సరిపోతాయి. రేపు ఇన్సాస్ రైఫిల్ చేతికిస్తే దాని బోరు 5.56 మిల్లీమీటర్లే, అదే ముక్క పట్టించబోతే మళ్లీ ఇరుక్కుంటుంది. ఇంకా చిన్నది కోయాలి, ఎంతన్నది మీ ఆర్మరర్ నుంచి అడిగి తెలుసుకో.

చిందిని వలయంలో సరిగ్గా మధ్యకు దూర్చి, రెండు కొసలనూ తాడు చుట్టూ ఒకే తీరుగా చుట్టాలి. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అయితే లావు వైపు రాపిడి ఎక్కువై ఆగుతుంది. నీది ఇరుక్కోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం. ముక్క సరిగ్గా ఉంటే లాగేటప్పుడు చేతికి మజ్జిగ చిలికే తాడు బిగువు తెలుస్తుంది. సులువుగా జారిపోతే అది గాడుల అడుగును తాకడం లేదు.

గుండును ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే వదలాలి, మూతి వైపు నుంచి లాగాలి. తూటా పోయే దారినే మసి కూడా బయటికి పోవాలి. తిరగేసి లాగితే మసి అంతా చాంబర్‌లోకీ, బోల్టు యంత్రాంగంలోకీ చేరుతుంది. లాగడం మొదలుపెట్టాక మధ్యలో ఆగకు. ఆగిన చోట చింది ఉబ్బి పట్టేస్తుంది. ఒకటే ఊపు, చివరిదాకా.

ఇప్పుడు చెప్పబోయేది నిదానంగా చదువు, ఈ ఉత్తరం రాసిందే దీనికోసం. తాడు బారెల్‌కు తిన్నగా రావాలి. పక్కకు వాలి లాగితే తాడు మూతి అంచును ఒరుసుకుంటుంది. నూలు తాడు ఉక్కును ఏం చేస్తుందని అనుకోకు. మన ఊరి చేదబావి గిలక పక్కన రాతి ఒరకు తాడు రాసుకుని వేలు పట్టేంత గాడి పడింది గుర్తుందా? చిన్నప్పుడు దాంట్లో వేలు పెట్టి ఆడుకునేదానివి. బారెల్ మూతికీ అదే జరుగుతుంది. తూటా మూతి దాటే క్షణంలో దాని వెనకున్న వాయువు చుట్టూ ఒకేలా బయటపడాలి. అంచు ఒకవైపు అరిగితే ఆ వైపు వాయువు ముందుగా తప్పించుకుని తూటా అడుగును పక్కకు నెడుతుంది. కాల్చినవాడి చెయ్యి వణికిందని అందరూ అనుకుంటారు. గురి తప్పుతోందని నా దగ్గరికి వచ్చిన .303ల మూతిని భూతద్దంతో చూస్తే తాడు గాడి చాలాసార్లు కనిపించేది. కాల్చి అరగదీసినవాటికంటే కడిగి అరగదీసినవే నేను ఎక్కువ చూశాను. నీ ఎస్‌ఎల్‌ఆర్ మూతికి ఫ్లాష్ ఎలిమినేటర్, అదే మంట మెరుపును తగ్గించే గొట్టం, ఉంది కాబట్టి వాలిన తాడు ముందు దానికి తగులుతుంది, బారెల్ అంచుకు కొంత కాపు ఉంటుంది. ఆ కాపును నమ్ముకుని చేతికి చెడ్డ అలవాటు నేర్పకు.

తాడును నేల మీద పడెయ్యకు కూడా. మన చెలక నేలల ఎర్రమట్టిలో సన్నటి ఇసుక ఉంటుంది. నూనె తడి ఉన్న తాడుకు అది అతుక్కుంటే తాడు కాస్తా ఆకురాయి అవుతుంది. పని చేసేచోట ముందు గుడ్డ పరుచుకో. వారానికోసారి తాడును సబ్బునీళ్లతో ఉతికి ఆరేసి, పోగులు తెగాయేమో వేళ్లతో తడిమి చూసుకో. పోగు లేచిన తాడును ఆ రోజే మార్పించు. తీగజాలీ జోలికి నీ అంతట నువ్వు పోవద్దు, అది మొండి మసికి, ఆర్మరర్ చేతికి.

ఇంకో సంగతి, ఎప్పుడు శుభ్రం చేయాలన్నది. కాల్చాక బారెల్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే మొదటి చింది లాగితే మసి మెత్తగా వస్తుంది. బ్యారక్‌కు వెళ్లి స్నానం చేసి వచ్చాక చేద్దామంటే గట్టిపడుతుంది. పేలికను తిప్పి తిప్పి వాడుతూ, కొత్తవి మారుస్తూ, తెల్లగా బయటికి వచ్చేదాకా లాగు. తర్వాత నూనె చింది ఒక్కసారి. నూనె కారకూడదు, పొరలా ఉండాలి.

ఆ రోజుకు అయిపోయిందని పెట్టెలో పెట్టేస్తారు చాలామంది. అయిపోలేదు. మా రోజుల్లో .303 తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారి గాడుల్లో మిగిలేది. అది ఉప్పు జాతి. శ్రావణమాసంలో మన వంటింట్లో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో తెలుసు కదా, బారెల్ లోపల ఆ ఉప్పు కూడా అలాగే గాలిలోని తేమను లాగి ఉక్కును తుప్పు పట్టించేది. నూనెలో ఉప్పు కరగదు కాబట్టి ఎంత నూనె పూసినా అడుగున అది తన పని తాను చేసుకుపోయేది. అందుకని గరాటు పెట్టి మరుగుతున్న నీళ్లు చాంబర్ వైపు నుంచి పోసేవాళ్లం. ఉప్పు కరిగిపోయేది, ఆ వేడికి బారెల్ దానంతట అదే ఆరిపోయేది. ఇప్పటి తూటాలకు ఆ బాధ లేదు. మీ వాళ్లు చెప్పకుండా నీళ్లు పోయకు. కానీ మసి ఇప్పటికీ తేమను పట్టి ఉంచుతుంది, గాడుల మూలల్లో దాక్కున్నది మర్నాటికి పైకి తేలుతుంది. తెల్లగా వచ్చిన చింది మర్నాడు బూడిదరంగులో వస్తే కంగారు పడకు, బారెల్ చెమట పోస్తోంది. కాల్చిన రోజు, మర్నాడు, మూడో రోజు, మూడుసార్లూ చింది లాగి మళ్లీ నూనె పట్టించు. వానాకాలంలో అయితే కాల్చకపోయినా వారానికోసారి.

చాంబర్ బోరుకంటే వెడల్పు, పుల్‌త్రూ చింది దాని గోడలను తాకదు. దాన్ని బ్రష్‌తోనో, పుల్లకు చుట్టిన గుడ్డతోనో విడిగా తుడిచి పొడిగా ఉంచు. అక్కడ మసి పేరుకుంటే ఖాళీ గుల్ల బయటికి రాదు. గ్యాస్ ప్లగ్, పిస్టన్, సిలిండర్ కూడా కాల్చే ముందు పొడిగానే ఉండాలి, అక్కడి నూనె మాడి గట్టిపడుతుంది. ఫైరింగ్‌కు వెళ్లే ఉదయం పొడి చింది ఒకటి లాగి బారెల్‌లోని నూనె కూడా తీసెయ్యి. నూనె ఉన్న బారెల్ నుంచి మొదటి తూటా మిగతావాటితో కలవదు, పొగ కూడా వస్తుంది. మన ఎండలకు అరచెయ్యి ఎప్పుడూ చెమటగా ఉంటుంది. రైఫిల్ అప్పగించే ముందు బయటి ఉక్కును నూనె గుడ్డతో తుడువు, లేకపోతే నీ వేలిముద్రలు తుప్పు మరకలుగా మిగులుతాయి.

ఆదివారం మీ నాన్న నిన్ను చూడటానికి వస్తున్నాడు. నా పాత పంచె ఒకటి నాలుగుసార్లు ఉతికించి, నాలుగు బై రెండు ముక్కలు అరవై, నాలుగు బై ఒకటిన్నర ముక్కలు ఇరవై కోసి డబ్బాలో సర్ది ఇస్తున్నాను. ఉస్తాద్‌కు చూపించి, ఆయన ఒప్పుకున్నాకే వాడు. వచ్చే ఫైరింగ్ అయ్యాక మూడో రోజు చింది ఏ రంగులో వచ్చిందో నాకు ఫోను చేసి చెప్పు. ఎంత రాత్రయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

నీ పెద్దనాన్న