ఏరియాలో సగటు ఆదాయం పెరిగితే పాతవాళ్ళ సంపాదన పెరిగినట్టేనా?

కాదు, ఒక ఏరియా సగటు ఆదాయం పెరిగినంత మాత్రాన అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళ సంపాదన పెరిగినట్టు కాదు. సగటు ఆ సమయానికి అక్కడ ఉంటున్నవాళ్ళ లెక్క. మనుషులు మారితే అదీ మారుతుంది.

హైదరాబాద్‌లోని మాదాపూర్‌నే చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఐటీ ఉద్యోగులు ఆ చుట్టుపక్కలకు చేరారు, అద్దెలు పెరిగాయి. అలాంటి చోట ఓ వీధిలో నెలకు 20,000 రూపాయలు వచ్చే కుటుంబాలు పది ఉన్నాయనుకుందాం. అద్దె కట్టలేక ఐదు వెళ్ళిపోయి, లక్ష వచ్చే ఐదు కుటుంబాలు దిగితే సగటు 60,000 అవుతుంది. అంటే మూడు రెట్లు! మిగిలిన ఐదు పాత కుటుంబాలకు మాత్రం వచ్చేది అదే 20,000. పైగా అద్దె భారం. వెళ్ళిపోయినవాళ్ళయితే లెక్కలోనే లేరు, అసలు బాధాకరమైన సంగతి ఇదే.

సగటు బదులు మధ్యగతం, అంటే ఆదాయాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది, చూస్తే చాలని చాలామంది అనుకుంటారు. కానీ మనుషులు మారితే అదీ మారుతుంది. పై వీధిలో మధ్యన పడే రెండు ఆదాయాలు 20,000, లక్ష; వాటి నడిమి విలువ తీసుకుంటే అదీ 60,000కే చేరుతుంది. నిజం తెలియాలంటే అవే కుటుంబాలను, ఇల్లు మారినా సరే, కొన్నేళ్ళపాటు గమనించాలి. మన జనాభా లెక్కల్లో ఆదాయం అడగరు కాబట్టి వాటితో ఇది తేలదు.