సి-బుక్కు చదివాకే బండి చూడు

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు కొనాలనుకుని పంపిన పాత యమహా బైకు, ఆర్ఎక్స్ 100 ఫొటోలు రెండుసార్లు చూశాను. ఎర్ర టాంకు, మెరిసే సైలెన్సర్, బాగుంది. "1987 మోడల్, సింగిల్ ఓనర్, ఒరిజినల్ జపాన్ ఇంజన్, పేపర్లు క్లియర్" అని అమ్మేవాడు రాసిన నాలుగు మాటలూ చదివాను. ఆ నాలుగింట్లో ఒక్కటీ ఫొటోలో కనపడేది కాదు. కనపడిన నంబరు ప్లేటేమో మొదటి మాటకే అడ్డం తిరుగుతోంది.

ప్లేటు మీద ఏపీ 16 అని ఉంది, అంటే బెజవాడ నంబరు. 1987లో బెజవాడలో బండి కొన్నవాడికి ఆ నంబరు ఎలా వస్తుంది? కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది 1989 జులై 1న. రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు ఒక నంబరు అనే పద్ధతి ఆ తర్వాతిదే. అంతకుముందు మన బళ్ళకి 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాలు, పక్కన అంకెలు ఉండేవి. కాబట్టి మూడు దారులున్నాయి. బండి నిజంగా 1990లోనో 91లోనో అమ్ముడై ఉండాలి, 'జపాన్ ఇంజన్' అంటే రేటు పెరుగుతుందని ఇప్పుడు దాన్ని 87 చేసి ఉండాలి. లేదా వేరే రాష్ట్రంలో రిజిస్టరై, తర్వాత ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) మీద వచ్చి ఇక్కడ కొత్త నంబరు వేయించుకుని ఉండాలి. అదీ కాకపోతే ఆ ప్లేటు ఇంకో బండిది. మొదటిది చిన్న అబద్ధం, రెండోది అసలు తప్పే కాదు, మూడోది పోలీస్ స్టేషన్ వ్యవహారం. ఈ మూడింట్లో ఏది నిజమో తేలేదాకా ఇంజన్ శబ్దం వినకు. టూ-స్ట్రోక్ మోత చెవిన పడితే నీకు బుర్ర పనిచేయదని నాకు తెలుసు, నాకూ చేయదు.

ముప్ఫై ఏళ్ళు రవాణా శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనక చెబుతున్నాను. మాకు బండి అంటే టాంకు, చక్రాలు కాదు. చాసిస్ (ఫ్రేము) నంబరు, ఇంజన్ నంబరు, వాటి కింద రాసిన పేర్ల వరస. జనం చేతిలో ఉండే సి-బుక్కు, అదే ఇప్పుడు ఆర్సీ అంటున్నది, ఆ వరసకి నకలు మాత్రమే. అసలు ఆఫీసులో ఉంటుంది. దాన్ని బి-రిజిస్టర్ అంటాం, నిబంధనల్లో ఫారం 24. మొదటి ఓనరు పేరు, తండ్రి పేరు, చిరునామా, బండి తయారైన నెల, సంవత్సరం, ఫైనాన్స్ ఉంటే ఎవరిది, టాక్స్, తర్వాత జరిగిన ప్రతి ట్రాన్స్‌ఫర్, చిరునామా మార్పు అన్నీ అందులో ఉంటాయి. ఆ పేజీ నకలుని బి-ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. రిజిస్టర్డ్ ఓనరు అర్జీ పెట్టుకుంటే ఇస్తారు. నువ్వు అడగక్కర్లేదు, అమ్మేవాడినే తీసుకురమ్మను. "ఎందుకండీ, ఆన్‌లైన్‌లో అన్నీ ఉన్నాయిగా" అంటాడు. ఆన్‌లైన్‌లో ఈనాటి ఓనరు పేరే సగం చుక్కలతో కనపడుతుంది, పాత పేర్లు అసలే ఉండవు. పైగా తెలంగాణ రికార్డులు చాలా ఏళ్ళు కేంద్రం వారి బళ్ళ రికార్డుల వ్యవస్థ వాహన్‌లో చేరకుండా సొంత కంప్యూటర్లలోనే నడిచాయి. అందుకని యాప్‌లో బండి దొరక్కపోతే దొంగబండి అనుకోకు, దొరికినంత మాత్రాన మంచిదనీ అనుకోకు.

నంబర్లు చదవడంలో ఇంకో మాట. ఏపీ అని ఉన్న ప్రతి బండి ఫైలూ ఆంధ్రాలో ఉండదు. ఏపీ 9 నుంచి 13 దాకా జంట నగరాలవి, ఏపీ 28, 29 రంగారెడ్డి, 36 వరంగల్. 2014 జూన్ 2కి ముందు అక్కడ రిజిస్టరైనవి ఆ నంబర్లతోనే తిరుగుతున్నాయి, వాటి ఫైళ్ళూ అక్కడి ఆఫీసుల్లోనే. ముప్ఫై ఏళ్ళ బండికి టీఎస్ నంబరు ఉంటే అది 2014 తర్వాత బయటి రాష్ట్రం నుంచి తెలంగాణకి వచ్చింది. టీజీ ఉంటే 2024 తర్వాత. ఏపీ 39 అయితే 2019 తర్వాత ఆంధ్రాకి వచ్చింది. ఇలాంటి బళ్ళకి అంతకుముందు ఇంకో నంబరు ఉండి తీరాలి. ఆ పాత నంబరు అడుగు. చెప్పలేకపోతే కథ అక్కడే ఆగినట్టు.

ఇప్పుడు అసలు పని. శనివారం బండి దగ్గరికి వెళ్ళేటప్పుడు టార్చిలైటు, కిరసనాయిల్లో తడిపిన గుడ్డ, పల్చటి తెల్లకాగితం, మెత్తటి పెన్సిల్ తీసుకెళ్ళు. చాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద కొట్టి ఉంటుంది, ఇంజన్ నంబరు ఇంజన్ కింది పెట్టె, అంటే క్రాంక్‌కేస్ మీద. జిడ్డు తుడిచి, కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది ప్రింటు తీసుకో. మా రోజుల్లో బళ్ళు పరీక్షించే బ్రేకు ఇన్‌స్పెక్టర్లు చేసినట్టే. ఫొటోలో మోసపోతాం కానీ పెన్సిల్ ప్రింటులో అంకెల లోతు తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు ఒకే వరసలో, ఒకే లోతులో ఉంటాయి. షెడ్డులో సుత్తితో కొట్టినవి ఒకటి పైకి, ఒకటి కిందకి, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. అంకెల చుట్టూ రేకు నున్నగా అరగదీసినట్టు ఉన్నా, ఆ చోట మాత్రమే పెయింటు మందంగా ఉన్నా నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

ఆర్ఎక్స్ 100 నంబరు ఒకటి-ఎల్-ఒకటి అని మొదలవుతుంది. యమహా వాళ్ళ మోడల్ కోడ్ అది. ఆ కోడ్ మా గుమాస్తాలని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పుస్తకాల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఒకడు ఒకటిని ఇంగ్లీషు ఐ చేశాడు, ఇంకొకడు ఎల్‌ని కూడా ఒకటి చేశాడు. సున్నా, ఓ తారుమారవడం సరేసరి. అందుకే సి-బుక్కుకీ ఫ్రేముకీ ఒక్క అక్షరం తేడా ఉంటే అది మోసమా, చేతి పొరపాటా అని తేల్చుకోవాలి. కొత్త ఆర్సీ కార్డుని కాదు, చేత్తో రాసిన పాత సి-బుక్కుని చూపించమను. అందులో సరిగ్గా ఉంటే పొరపాటే.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1998లో నేనొక రాజ్‌దూత్ 350 కొన్నాను. మీ అమ్మకి గుర్తుండే ఉంటుంది, దాని పెట్రోలు ఖర్చు మీద మీ అత్తయ్య పెట్టిన పంచాయితీ కూడా. ఎస్కార్ట్స్ వాళ్ళు 1983 నుంచి ఇక్కడ చేసిన యమహా ఆర్‌డీ 350 అది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. దాని మీద మోజులో ఫ్రేము మీద నంబరు చూడకుండానే డబ్బు కట్టాను. ట్రాన్స్‌ఫర్‌కి వెళితే తేడా బయటపడింది, ఫ్రేము మీద 3, బుక్కులో 8. ఆ బుక్కు అసలుది పోతే ఇచ్చిన డూప్లికేటు. అది ఇచ్చింది నేను అంతకుముందు పనిచేసిన ఆఫీసే, ఊరి పేరు ఎందుకులే. ఆ బుక్కు తిరగేసి చూస్తే ఆ 8 రాసిన చెయ్యి నాదే. పైన చిన్న సున్నా, కింద పెద్ద సున్నా పెట్టి 8 రాసే అలవాటు నాకు తప్ప ఆ సెక్షన్లో ఎవరికీ లేదు. మొదటి ఓనరు ఇంటికి వెళ్ళి షోరూమ్ బిల్లు సంపాదించి, పెన్సిల్ ప్రింటు జతచేసి, ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి దాన్ని దిద్దించేసరికి ఐదు నెలలు పట్టింది. అన్నాళ్ళూ బండి వరండాలో గోనెపట్టా కింద ఉంది.

'జపాన్ ఇంజన్' గురించి ఒక్కమాటే. 1985 నవంబరులో వచ్చిన ఆర్ఎక్స్ 100కి మొదట్లో భాగాలు జపాన్ నుంచి తెచ్చి ఇక్కడ బిగించారు, నిజమే. 1996 దాకా తయారైన ప్రతి బండికీ ఆ మాట తగిలించి అమ్మడం ఇప్పటి బ్రోకర్ల విద్య. యమహా వాళ్ళ వేరే మోడళ్ళైన ఆర్ఎక్స్‌జీకో, ఆర్ఎక్స్ 135కో 100 టాంకు, స్టిక్కర్లు వేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంజన్ మారిస్తే మార్చారు, కానీ అది ఆర్సీలో ఎక్కిందా లేదా అన్నదే మన ప్రశ్న. ఎక్కకపోతే రేపు రెన్యూవల్ దగ్గర ఆగేది నువ్వు.

సింగిల్ ఓనర్ అన్న మాటకి అర్థం కూడా రిజిస్టర్లోనే దొరుకుతుంది. ఆర్సీలో ఒక్క పేరే ఉంటే ఒక్కడే వాడినట్టు కాదు. అతను ఓనరు పేరు మార్చడానికి వాడే ఫారం 29, 30లు ఖాళీగా ఉంచి వాటి మీద సంతకాలు పెట్టి ఇంకొకడికి ఇచ్చేసి ఉంటాడు, ఆ ఫారాలతోనే బండి నలుగురి చేతులు మారి ఉంటుంది. ఓపెన్ ఫారాలు అంటారు వీటిని. ఇప్పుడు అమ్ముతున్నవాడి పేరూ ఆర్సీలో పేరూ ఒకటేనా అని మొట్టమొదట అడుగు. కాకపోతే ఆర్సీలో ఉన్న మనిషిని వెతికి పట్టుకోవాలి. ఆయన ఫోన్లో విసుక్కుంటే, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి మెల్లగా చెప్పు. బండి అమ్మేసినా సరే, ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనరు వాళ్ళే, యాక్సిడెంటు జరిగితే పరిహారం వాళ్ళ మెడకే చుట్టుకుంటుందని. చాలామంది అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆయన చనిపోయి ఉంటే ఓపెన్ ఫారం చిత్తుకాగితంతో సమానం. వారసులు ఫారం 31 మీద ముందు తమ పేరు మీదికి మార్పించుకోవాలి, ఆ తర్వాతే నీకు. అన్నదమ్ముల మధ్య మాటల్లేకపోతే ఆ బండి వదిలెయ్యి. బుక్కులో హెచ్.పి. అని ఫైనాన్స్ ముద్ర ఉండి, అది కొట్టేసినట్టు ముద్ర లేకపోయినా అంతే. అప్పు ఎప్పుడో తీరి ఉంటుంది, ఆ ఫైనాన్స్ కంపెనీయే ఉండదు. ఆ చిక్కు విప్పించాల్సింది అమ్మేవాడు, నువ్వు కాదు.

తేదీలు కూడా లెక్కవెయ్యి. టూ-వీలర్‌కి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత ప్రతి ఐదేళ్ళకీ రెన్యూవల్. 1990 బండి అయితే 2005, 2010, 2015, 2020, 2025. ప్రతిసారీ ఇన్‌స్పెక్టర్ బండిని కళ్ళతో చూసి నంబరు సరిచూస్తాడు కనక, ఆ ముద్రలు ఎన్ని ఉంటే అన్ని సాక్ష్యాలు. మధ్యలో పదేళ్ళ ఖాళీ ఉంటే ఎందుకో అడుగు. "నాన్నగారు పోయాక పాకలో పెట్టేశాం" అంటే నమ్మొచ్చు, పాక చూపించమను. పాత ఇన్సూరెన్స్ కాగితాలు, టాక్స్ రసీదులు ఏవి ఉన్నా పారెయ్యనివ్వకు. నంబర్లు వాటి మీద కూడా ఉంటాయి.

నువ్వుండేది హైదరాబాద్‌లో, బండి బెజవాడది. అంటే ఇప్పుడది పరాయి రాష్ట్రం బండే. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. దానికి ముందు దొంగబండ్ల జాబితాలో లేదని నేర రికార్డుల బ్యూరో రిపోర్టు కావాలి. అది నువ్వే ఆ బ్యూరో వారి వాహన్ సమన్వయ్ అనే ఆన్‌లైన్ సేవలో చూసుకోవచ్చు. పన్నెండు నెలలు దాటి తెలంగాణలో ఉంచుకుంటే తెలంగాణ నంబరు వేయించాల్సిందే. లైఫ్ టాక్స్ ఎంతో ముందే కౌంటర్లో అడిగి, ఆ మొత్తాన్ని బేరంలో కలుపుకో.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తానని ఎవడైనా అంటే నవ్వి ఊరుకో. 2021లో వచ్చిన ఆ నిబంధన యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి. మొట్టమొదటి ఆర్ఎక్స్ 100కి కూడా 2035 దాకా ఆ అర్హత రాదు.

అన్నీ సరిపోయాక, కుదిరితే మొదటి ఓనరుని ఒకసారి కలువు. చట్టానికి అక్కర్లేదు, నా మాట మీద వెళ్ళు. నా రాజ్‌దూత్ మొదటి ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. షోరూమ్ బిల్లు కోసం వెళితే ట్రంకుపెట్టె తీసి బిల్లుతో పాటు రెండో తాళంచెవి, సర్వీసు కూపన్ల పుస్తకం, కొత్త బండికి పసుపు కుంకుమ పెట్టి తీయించిన ఫొటో ఇచ్చాడు. బండి ఇంకా నడుస్తోందా అని మాత్రం అడగలేదు, వాకిట్లోకి వచ్చి సైలెన్సర్ మీద చెయ్యి వేసి చూశాడు. నేను నడిపించుకుని వచ్చాను కదా, చల్లగానే ఉంది.

శనివారం తీసిన పెన్సిల్ ప్రింటు, సి-బుక్కులో ప్రతి పేజీ, ఖాళీ పేజీలు కూడా, ఫొటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకు, వంద రూపాయలైనా సరే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఫోన్ చెయ్యకు, పడుకుంటాను.

ఇట్లు,
మీ మామయ్య