వదిన ఆపరేషన్ గురించి

అమలాపురం

అమ్మాయ్,

వదినకి క్యాన్సర్ వల్ల రొమ్ము తీసి పైచర్మం ఉంచుతామన్నారని రాశావు. చర్మం ఉంచితే జబ్బు తిరగబెడుతుందేమోనని నీ భయం. తగినవాళ్ళని ఎంచి చేస్తే, చర్మంతో సహా తీసేసినవాళ్ళకీ వీళ్ళకీ అందులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. జబ్బు చర్మానికే పాకినా, రొమ్మంతా ఎర్రగా వాచి నారింజ తొక్కలా అయినా మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

అసలు చిక్కు చర్మానికి నెత్తురు అందడంలో ఉంది. చనుమొనతో సహా లోపలిదంతా తీశాక మిగిలేది పల్చటి పొర. షుగరున్నా, ఒళ్ళు బరువైనా, అక్కడ ఇదివరకు రేడియేషన్ పడినా, పొగ తాగినా దానికి నెత్తురు చాలక అంచులు నల్లబడి చచ్చిపోవచ్చు. పుండు మానకపోతే కీమో వెనక్కి పోతుంది, నా బెంగ అదే. మన లంకల్లో పెద్దాడవాళ్ళకి చుట్ట అలవాటు ఉంటుంది. వదినకీ ఉంటే కనీసం 4 వారాల ముందే మానిపించు. గాయం మానేదాకా ఇంట్లో ఎవర్నీ ఆవిడ దగ్గర కాల్చనివ్వకు.

రేడియేషన్ అవసరం పడుతుందా అని ముందే అడుగు. పడితే, రొమ్ము ఆకారం కోసం చర్మం లోపల పెట్టే సిలికాన్ ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడి బిగుసుకుపోవడం ఎక్కువ. అప్పుడు పొట్ట కొవ్వో వీపు కండో తెచ్చి పెట్టడం మేలా అని సర్జన్‌ని అడుగు.

మొదటి 2 రోజులు కనిపెట్టుకుని ఉండు. ఆ పక్క ఒక్కసారిగా ఉబ్బి బిగిసినా, గాయంలో చేరే నీరు గొట్టం గుండా వచ్చి పడే డ్రెయిన్ బుడ్డి ఎర్రటి నెత్తురుతో గబగబా నిండినా తెల్లారేదాకా ఆగొద్దు. బుడ్డిలో పడింది రోజూ ఒకే వేళకి కొలిచి రాయి. వరుసగా 2 రోజులు 30 మిల్లీలీటర్ల లోపుకి దిగాకే సాధారణంగా గొట్టం తీస్తారు. తీశాక నీరు చేరితే ఊళ్ళో ఎవరిచేతా సూది పెట్టించకు, ఇంప్లాంట్‌కి తగిలితే పాడైపోతుంది.

వాపు చూసి ఎవరో ఒకరు ఉప్పుమూట కాపడం పెట్టమంటారు. వద్దే వద్దు. ఆ చర్మానికి స్పర్శ ఉండదు, కాలినా తెలీదు. చాలామందికి ఆ స్పర్శ పూర్తిగా తిరిగి రాదు కూడా. ఈ మాట వదినకి ఆపరేషన్‌కి ముందే చెప్పు. డాక్టరు సరేననేదాకా బిందె ఎత్తనివ్వకు.

తీసిన ముక్క రిపోర్టు రాగానే అంచుల్లో జబ్బు లేదని రాసుందో లేదో చూడు. ఆనక నెలకోసారి చర్మం కింద తడిమి చూసుకోమను. జబ్బు ఆ చోట తిరగబెడితే చాలావరకు చర్మం కిందే గట్టి గింజలా చేతికి తగులుతుంది. చచ్చిన కొవ్వు గట్టిపడినా అలాగే ఉంటుంది గానీ, తేల్చుకోవాల్సింది డాక్టరే.

మీ మేనత్త